మూడో నంబరు ప్రశ్న

ఇతరుల నోళ్ళ మీద ఆధారపడి బతికే ఉద్యోగం నాది. పార్లమెంటు సభలో, స్పీకర్ కుర్చీకి సరిగ్గా కింద ఒక పొడవాటి బల్ల ఉంటుంది. దాని దగ్గర ఇద్దరం కూర్చుని, సభలో ఎవరు ఏమన్నా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుంటాం. అరగంట రాయడం, లేచి వెనక గదిలోకి వెళ్ళి టైపు చేయడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. తిట్టుకున్నా రాస్తాం, ఏడ్చినా రాస్తాం, అబద్ధమాడితే ఇంకాస్త జాగ్రత్తగా రాస్తాం, ఎందుకంటే మర్నాడు "నేనలా అననే లేదు" అంటూ మా గదికి పరుగెత్తుకొచ్చేది ఆ ఆడినవాడే. మేము మాత్రం అక్కడ నోరు విప్పకూడదు. తుమ్మొచ్చినా మింగేయాలి.

ఇన్నేళ్ళలో నాకబ్బిన విద్య ఒకటుంది. తల ఎత్తకుండా గొంతు విని మనిషిని పట్టేస్తాను. సభలో ఉన్న నాలుగొందల చిల్లర గొంతులూ నాకు కంఠతా వచ్చు. ఒక్క నూట నలభై మూడో కుర్చీ గొంతు మాత్రం ఆ గోడల మధ్య ఎలా వినిపిస్తుందో తెలియదు. ఆ కుర్చీ సభ ఉన్న ఈ ఊళ్ళోదే అయిన మా నియోజకవర్గం సభ్యుడిది. ఆయనకి అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ దాన్నెవరూ వాడరు. ఊరంతా ఆయన్ని మనోడు అంటుంది.

మనోడు స్కూటరు మీద తిరుగుతాడు. రోడ్డు పక్కన బల్ల మీద కూర్చుని టీ తాగుతాడు. మురుగు కాలవ తీస్తున్నవాళ్ళ చేతిలో పార లాక్కుని తనూ నాలుగు తట్టలు ఎత్తుతాడు. ముసలావిడ కనిపిస్తే చాలు, "అమ్మా, అన్నం తిన్నావా?" అని అడుగుతాడు. బయట అన్ని ప్రశ్నలు అడిగే మనిషి సభలో మూడేళ్ళలో ఒక్కటంటే ఒక్క ప్రశ్న అడగలేదు. వచ్చింది మొత్తం పదకొండు రోజులు. అందులో ఏడు రోజులు సంతకం పెట్టి, మెట్ల మీద ఫొటో దిగి వెళ్ళిపోయాడు. మిగతా నాలుగు రోజుల్లో ఒకరోజు నిద్రపోయాడు. దాన్ని కూడా హాజరులోనే కలిపి చెబుతున్నాను, మనిషికి అన్యాయం చేయకూడదు కదా.

ఈ సంగతి ఎవరైనా పట్టుకుని అడిగితే ఆయన దాచేవాడు కూడా కాదు. మైకు అందుకుని, "ఆ చల్లటి గదిలో మెత్తటి కుర్చీలో కునుకు తీయడానికా నన్ను గెలిపించారు? నా సభ మీ వీధే!" అనేవాడు. జనం ఈలలు. వాళ్ళలో మా అక్క ఈల కూడా ఉండేది. చిన్నప్పుడు నాకు ఈల వేయడం నేర్పింది ఆవిడే లెండి.

మా బావ సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఇరవై ఆరేళ్ళు రంపం దగ్గర నిలబడి రేకులు కోశాడు. సాయంత్రం ఇంటికి వస్తుంటే పిండిలో దొర్లిన పిల్లిలా ఉండేవాడు. గుమ్మంలో బట్టలు దులుపుకుంటూ, "ఏం మరదలా, మీ సభలో ఇవాళ ఎవరు ఎవర్ని కొట్టారు?" అని అడిగేవాడు. నేను అందరి గొంతులూ అనుకరించి చెబితే పగలబడి నవ్వేవాడు. తర్వాత్తర్వాత నవ్వితే దగ్గొచ్చేది. ఇంకొన్నాళ్ళకి దగ్గొస్తుందని నవ్వడం మానేశాడు. ఊపిరితిత్తుల్లో రేకుల దుమ్ము పేరుకుపోయిందని, అది పోయేది కాదని డాక్టరు చెప్పాడు.

పనివల్ల వచ్చిన జబ్బుకి ఉచిత వైద్యం, బతికినంతకాలం పింఛను, ఆ తర్వాత భార్యకి పింఛను ఇవ్వాలని చట్టం ఉంది. ఆ జబ్బులేవో చట్టం చివర ఒక జాబితా ఉంది. ముప్పై ఒక్క జబ్బులు. రేకుల దుమ్ము వల్ల వచ్చేది అందులో లేదు. బావ ఛాతీలో ఉంది, ఎక్స్‌రేలో ఉంది, జాబితాలో లేదు. ఆ ఫ్యాక్టరీ వెనక వీధుల్లో బావలాంటి వాళ్ళు నలభై మంది దాకా ఉన్నారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఎనిమిది మంది మా అక్క ఇంట్లో చేరారు. అక్క ఇంటి కప్పు కూడా ఆ ఫ్యాక్టరీ రేకులే. లోపల ఉడికిపోతోంది. అందరూ కలిసి అర్జీ ఇవ్వాలని వాళ్ళ ఆలోచన. అర్జీ కంటే సభలో ప్రశ్న వేయిస్తే మేలని నేను చెప్పాను. అర్జీ బీరువాలోకి పోతుంది. ప్రశ్నకి మంత్రి లేచి నిలబడి నోటితో జవాబు చెప్పాలి. అలా చెప్పింది హామీ కింద లెక్క. హామీల కమిటీ అని ఒకటుంది, అది మంత్రిని చెవిలో జోరీగలా వదలదు.

"అయితే ఇంకేం, మనోడికి ఇద్దాం" అంది అక్క.

"వద్దు. నస మాస్టారికి ఇద్దాం" అన్నాను.

నస మాస్టారు అనేది మా షార్ట్‌హ్యాండ్ వాళ్ళం పెట్టుకున్న పేరు. ఆయన పక్క నియోజకవర్గం సభ్యుడు. ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. ఒక్క రోజు సభ మానడు. లేచాడంటే రైళ్ళ టైమ్‌టేబుల్ చదివినట్టు మాట్లాడతాడు. ఆయన లేవగానే సగం సభ క్యాంటీన్‌కి పోతుంది. అయినా మంత్రులకి ఆయనంటే భయం, ఎందుకంటే వాళ్ళ ఫైళ్ళు వాళ్ళకంటే ముందు ఆయన చదువుతాడు.

"ఎవరాయన? ఎలా ఉంటాడు?" అంది అక్క.

చెప్పబోయి ఆగాను. ఎలా ఉంటాడని చెప్పను? కళ్ళజోడు, చేతిలో గుడ్డసంచి. అంతకంటే గుర్తుండే విషయం ఏమీ లేదు.

పక్కింటి టైలరమ్మ నవ్వింది. వాళ్ళాయన కూడా రంపం దగ్గరే చేసి మంచాన పడ్డాడు. "మొహం తెలీనివాడు అడిగితే మంత్రి వింటాడా అమ్మాయ్? మనోడు ఒక్క కేక వేశాడంటే మంత్రి కుర్చీ కింద దూరతాడు."

"కేక వేయాలంటే ముందు లోపలికి రావాలిగా?"

"వస్తాడే. మనకోసం రాడా?" అంది అక్క. "నీకు మొదట్నుంచీ ఆయనంటే పడదు. పొద్దస్తమానం ఆ సూటు కోట్లవాళ్ళ మధ్య కూర్చుని నువ్వూ వాళ్ళలాగే తయారయ్యావు."

మాట అంటే అన్నానంటారు గానీ, ఎనిమిది మంది ఒకటైతే నా మాట ఎవరు వింటారు? ఒక సమావేశంలో ఒక విషయం మీద ఒకే ప్రశ్న తీసుకుంటారు. ముందు ఎవరిస్తే అది వాళ్ళది. మనోడికి ఇచ్చాక మాస్టారికి ఇవ్వడానికి ఉండదు. అదీ చెప్పాను. గోడకి చెప్పినట్టయింది. చివరికి ప్రశ్న రాసిపెట్టింది నేనే. ఏ మాట పడితే సభ ఆఫీసులో తిప్పి పంపుతారో, ఏ మాట పడితే మంత్రి తప్పించుకుంటాడో నాకు తెలుసు. రేకుల దుమ్ము జబ్బుని జాబితాలో చేరుస్తారా, చేరిస్తే ఏ తేదీ నుంచి, ఇప్పటికే మంచాన పడినవాళ్ళకి వర్తిస్తుందా. మూడు వాక్యాలు. మనోడు స్కూటరు సీటు మీద కాగితం పెట్టి సంతకం చేశాడు. అక్క దాన్ని ఫొటో తీయించుకుంది.

తర్వాత మా అదృష్టం చూడండి. వచ్చిన ప్రశ్నలన్నీ డ్రమ్ములో వేసి చీటీలు తీస్తారు. గంటలో ఐదో ఆరో ప్రశ్నలకి మించి కావు కాబట్టి మొదటి వరసలో రావడం లాటరీ లాంటిది. మాది మూడో నంబరు వచ్చింది. కార్మిక శాఖ వంతు వచ్చే మంగళవారం పదకొండు గంటలకి. చూసిన వెంటనే అక్కకి ఫోన్ చేశాను. ఆవిడ ఈల వేస్తే నా చెవి గింగురుమంది.

ఇక మిగిలింది ఒకటే పని. స్పీకర్ పేరు పిలవగానే ఆ సభ్యుడు తన కుర్చీలోంచి లేచి "మూడో నంబరు ప్రశ్న, అధ్యక్షా" అనాలి. నాలుగు మాటలు. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే ప్రశ్న రద్దు, మంత్రి జవాబు చదవడు. ఆ నాలుగు మాటల కోసం నేను మనోడి సహాయకుడికి శుక్రవారం ఫోన్ చేశాను, శనివారం చేశాను, సోమవారం రెండుసార్లు చేశాను.

"వస్తారమ్మా, తప్పకుండా వస్తారు. డైరీలో ఎర్రసిరాతో రాశాను" అన్నాడు సహాయకుడు.

మంగళవారం పదకొండుకి బల్ల దగ్గర వంతు నాది కాదు. తోటి ఉద్యోగిని బతిమాలి మార్చుకున్నాను. పదిన్నరకి మంత్రుల జవాబుల ప్రతులు మా గదికి వస్తాయి. అంకెలూ పేర్లూ తప్పుల్లేకుండా రాసుకోవడానికి మాకు ముందుగా ఇస్తారు. సభలో చదివేదాకా వాటిలో ముక్క బయటికి పొక్కకూడదు. ఉద్యోగంలో చేరినరోజే ఆ మేరకు ప్రమాణం చేయిస్తారు. మూడో నంబరు జవాబు తీసి చూశాను.

"అవునండి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి. ఇప్పటికే జబ్బుపడినవారికి కూడా వర్తిస్తుంది."

నా మూడు వాక్యాలకి మూడు వాక్యాలు. ఇన్నేళ్ళలో నేను "పరిశీలనలో ఉంది" అని ఎన్ని వేలసార్లు రాశానో. "అవును" అని రాసింది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మంచినీళ్ళు తాగాను. కాగితాలు సర్దుకుని వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ పని ఎప్పుడూ చేయను గానీ, ఆ వేళ తల ఎత్తి చూశాను. నూట నలభై మూడో కుర్చీ ఖాళీ.

మొదటి ప్రశ్న పన్నెండు నిమిషాలు నడిచింది. రెండోది ఫ్యాక్టరీల తనిఖీ గురించి, మాస్టారిది. ఆయన లేచి నంబరు చెప్పాడు. మంత్రి జవాబు చదివాడు. జవాబు మీద మళ్ళీ అడిగే అనుబంధ ప్రశ్నలు రెండింటికి మించి ఇవ్వరు. మాస్టారు మూడోది అడిగాడు, నాలుగోది అడిగాడు. అడుగుతూ నూట నలభై మూడో కుర్చీ వైపు చూస్తున్నాడు. తలుపు వైపు చూస్తున్నాడు. అప్పుడు నాకర్థమైంది. తర్వాతి ప్రశ్న ఏమిటో ఆయన చదివే వచ్చాడు. ఆ కుర్చీవాడు వచ్చేదాకా కాలం సాగదీస్తున్నాడు. "మాస్టారూ, ఇది మీ క్లాసు కాదు, కూర్చోండి" అన్నాడు స్పీకర్. సభంతా నవ్వింది. ఆయన ఇంకో నిమిషం నసిగి కూర్చున్నాడు.

"మూడో నంబరు" అని స్పీకర్ మనోడి పేరు పిలిచాడు.

ఎవరూ లేవలేదు. మళ్ళీ పిలిచాడు. వెనక వరసలో ఎవరో కాగితాలు తిప్పుతున్న చప్పుడు. మాస్టారు లేచాడు. "అధ్యక్షా, ఆయన తరఫున నేను అడగడానికి అనుమతిస్తే..."

"ఆయన రాసిచ్చిన ఉత్తరం ఉందా?"

"లేదు, అధ్యక్షా."

"అయితే కుదరదు. నాలుగో నంబరు."

మంత్రి ఫైలు మూశాడు. మూసి, పక్కాయన చెవిలో ఏదో చెప్పి నవ్వాడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, మంత్రి పెడతాడా? అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, జవాబు ఉంది, మంత్రి ఉన్నాడు, సభ ఉంది, అడిగే నోరు లేదు. నేను బ్రాకెట్లో "సభ్యుడు సభలో లేరు" అని రాశాను. షార్ట్‌హ్యాండ్‌లో అది రెండు గీతల పని.

నా వంతు అయ్యాక వెనక గదికి వెళ్ళి ఫోన్ చూసుకుంటే అక్క దగ్గర్నుంచి పద్నాలుగు కాల్స్. బావ అప్పటికి పది రోజులుగా ప్రభుత్వాసుపత్రిలో ఉన్నాడు. తిరిగి ఫోన్ చేశాను. ఎత్తగానే అక్క ఏడుపు.

"అక్కా! బావ... బావకేమైంది?"

"మనోడొచ్చాడే!" అంది అక్క. ఏడుపు కాదు, సంతోషం పట్టలేకపోతోంది. "ఆసుపత్రికి వచ్చాడు! మీ బావ మంచం దగ్గరికి! నీకెన్నిసార్లు చేశానో తెలుసా, నువ్వెత్తవు!"

"ఎప్పుడు?"

"పదిన్నరకే వచ్చాడు. పన్నెండు దాకా ఉన్నాడు."

ఇంతకీ ఏం జరిగిందంటే, ఆసుపత్రిలో లిఫ్టు చెడిపోయింది. ఆక్సిజన్ సిలిండరు కింద ఉంది, బావ మూడో అంతస్తులో ఉన్నాడు. మనోడు ఆ సిలిండరు భుజాన వేసుకుని మూడంతస్తులూ ఎక్కాడు. నిజంగానే ఎక్కాడు, చొక్కా తడిసిపోయింది, అందులో మోసం లేదు. బావ మంచం మీద కూర్చున్నాడు. పండు ఒలిచి నోట్లో పెట్టాడు. తర్వాత బావ ఛాతీ మీద చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు ఉన్నాడు. లేచి వార్డంతటికీ వినపడేలా, "ఈ చప్పుడు అక్కడ ఆ మెత్తటి కుర్చీల్లోకి వినపడదమ్మా. వినాలంటే ఇక్కడికే రావాలి" అన్నాడు. వార్డంతా కంటతడి పెట్టింది. కెమెరాలు నాలుగున్నాయి. సాయంత్రానికి ఆ వీడియో దేశమంతా చూసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ గోడకేసి కొడదామనిపించింది. ఆ వేళ సభలో ఏమైందో ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. బావ మొహంలో నేను ఏడాదిగా చూడని వెలుగు. మాస్కు పక్కకి తీసి, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ అన్నాడు.

"ఏం మరదలా... మీ సభ... నా మంచం దగ్గరికే వచ్చింది... చూశావా?"

"చూశాను బావా."

"మరి ప్రశ్న... ఏమైంది?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అక్క నా మొహంలోకి చూస్తోంది. "వాయిదా పడింది బావా" అన్నాను.

"పర్లేదులే" అన్నాడు బావ. "ఆయన ఉన్నాడుగా."

బావ మరో యాభై రోజులు ఉన్నాడు. ఆ యాభై రోజుల్లో నెల ఒకటో తేదీ ఒకసారి వచ్చి పోయింది. రేకుల కంపెనీలవాళ్ళు మంత్రిని కలిసొచ్చారని మా గదిలో చెప్పుకున్నారు. తర్వాతి సమావేశంలో మాస్టారు అదే ప్రశ్న, నా మూడు వాక్యాలతో సహా, తన పేరు మీద వేశాడు. చీటీల్లో మొదటి వరసలో రాలేదు. రాతపూర్వకంగా వచ్చిన జవాబు నేనే టైపు చేశాను. "పరిశీలనలో ఉంది."

బావ పోయినరోజు మనోడు వచ్చాడు. అందరికంటే ముందు వచ్చి, అందరికంటే చివర వెళ్ళాడు. అక్క చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో కూడా మోసం ఉందని నేను ఒట్టేసి చెప్పలేను.

ఆర్నెల్లకి ఎన్నికలొచ్చాయి. అప్పటికి అక్క తన వీధి చివర బట్టల దుకాణంలో పనికి కుదిరింది. యాభై రెండేళ్ళ వయసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి తానులు విప్పి, మడతపెట్టి, మళ్ళీ విప్పడం. కాళ్ళు వాచిపోయేవి. ఒక సెలవురోజు చూడ్డానికి వెళితే, వంటింటి గట్టు మీద కరపత్రాల కట్టలున్నాయి. పైనున్నది తీసి చూశాను.

సభ అచ్చువేసే ప్రశ్నల జాబితాలో ఆ మంగళవారం పేజీ. మూడో నంబరు చుట్టూ ఎర్రగీత. పక్కన, బావ ఛాతీ మీద చెవి పెట్టిన ఫొటో. కింద పెద్దక్షరాలతో "మీ ఊపిరి కోసం పార్లమెంటుని ప్రశ్నించిన మనోడు". జాబితాలో అచ్చయినంత మాత్రాన అడిగినట్టు కాదని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది? కరపత్రంలో అబద్ధం లేదు. ప్రశ్న ఆయనదే, పేరు ఆయనదే. నేను రాసిన బ్రాకెట్టు ఒక్కటే లేదు.

"రేపు మైదానంలో మీటింగు" అంది అక్క, గిన్నెలు తోముతూ. "నన్ను స్టేజీ మీద మాట్లాడమన్నారు. నాకేం మాటలొస్తాయే? నువ్వు నాలుగు ముక్కలు రాసిపెట్టు."

ఇంతకాలం ఆపుకున్నదంతా కట్ట తెంచుకుంది. ఆ మంగళవారం సభలో జరిగిందంతా చెప్పేశాను. ఫోన్లు చేసింది, ఎర్రసిరా డైరీ, ఖాళీ కుర్చీ, రెండుసార్లు పిలవడం, బ్రాకెట్టు. "వాయిదా పడలేదక్కా, రద్దయిపోయింది. ఆయన ఆసుపత్రిలో పండు ఒలుస్తున్నప్పుడు అక్కడ ఆయన్ని పిలిచారు. అలాంటివాడి కోసమా నువ్వు స్టేజీ ఎక్కేది?"

అక్క తోముతున్న గిన్నె ఆపలేదు. "ఆయన సభకి పోడని నాకు తెలీదనుకున్నావా? ఊరందరికీ తెలుసు. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు."

"తెలిసీనా?"

"తెలిసే. మీ బావని చూడ్డానికి ఎవరొచ్చారో చెప్పు. ఫ్యాక్టరీ నుంచి ఒక్కడు గుమ్మం తొక్కాడా? డాక్టరు మంచానికి రెండు గజాల దూరంలో నిలబడి నర్సుతో మాట్లాడిపోయేవాడు. సొంత తమ్ముళ్ళు అంటుకుంటుందేమోనని గుమ్మంలోనే నిలబడ్డారు. ఆ మనిషి వచ్చి ఛాతీ మీద చెవి పెట్టాడే. అంత దగ్గరికి వచ్చినవాడు ఇంకొకడు లేడు. అక్కడికెళ్ళి మూడో నంబరు అంటే మాత్రం ఏమొరిగేది? మంత్రి చూస్తాం చేస్తాం అనేవాడు, అంతేగా?"

ఇక ప్రమాణం లేదు, గిమాణం లేదు. "కాదు" అన్నాను. "అవును అనేవాడు."

గిన్నె ఆగింది.

"జవాబు నేను చదివానక్కా. పదిన్నరకే నా చేతికొచ్చింది. అవును, వచ్చే నెల ఒకటి నుంచి, ఇప్పటికే జబ్బుపడ్డవాళ్ళకి కూడా. బావకి వైద్యం వచ్చేది. నీకు పింఛను వచ్చేది. ఈ నలభై ఇళ్ళకీ వచ్చేది."

అక్క చేతులు కడుక్కుంది. చీర కుచ్చెళ్ళకి తుడుచుకుంది. వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. దుకాణంలో కొలతలు అడిగినట్టే అడిగింది.

"ఆ జవాబు నీకు తప్ప ఇంకెవరికి తెలుసు?"

"మంత్రికి. ఆయన ఆఫీసులో వాళ్ళకి. మా గదిలో ఇద్దరికి."

"ఆ మాస్టారికి?"

"తెలీదు."

"తెలిస్తే ఏం చేసేవాడు?"

ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ మధ్యలో లేచి వేరే పని చూసుకున్నాను. "ఆయన రెండో ప్రశ్న మీద అప్పటికి మంత్రిని నిలబెట్టే ఉన్నాడు. తనిఖీల గురించి. తెలిసుంటే అందులోనే ఒక మాట దూర్చేవాడు. జాబితాలో చేరుస్తున్నారా అని. మంత్రి అవును అనేవాడు. నోటితో అంటే అయిపోయినట్టే."

"నువ్వు ఆయనకెంత దూరంలో ఉన్నావు?"

"నాలుగడుగులు."

"చెప్పడానికి లేదా?"

"మేము మాట్లాడకూడదక్కా." ఆ తర్వాతది చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆవిడ అలాగే చూస్తోంది. "చీటీ పంపొచ్చు. ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ సరిగ్గా వినపడకపోతే సభ్యుడికి చీటీ రాసి బంట్రోతు చేత పంపుతాం. రోజూ పంపుతాం. ఎవరూ అడగరు."

"పంపావా?"

"లేదు."

"ఎందుకని?"

"రూలు కాదు. బయటపడితే ఉద్యోగం పోతుంది. పింఛను కూడా..." అన్నాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ నేనెవరి ముందు ఏమంటున్నానో తెలియలేదు.

అక్క కరపత్రాల కట్ట దగ్గరికి లాక్కుని, నేను తీసిన కాగితం మళ్ళీ సరిగ్గా పెట్టి, తాడు బిగించింది.

"మనోడికి ఆ జవాబు కాగితంలో ఏముందో తెలీదే" అంది. "నీకు తెలుసు."

లేచి చెప్పులేసుకుంది. దుకాణంలో తోటి పనివాళ్ళు కరపత్రాలు పంచడానికి రమ్మని గుమ్మం బయట పిలుస్తున్నారు. కట్ట చంకన పెట్టుకుని, "నీకు కుదరకపోతే రాయకులే, నాకు తోచింది నేనే మాట్లాడతాను" అని వెళ్ళిపోయింది. మర్నాడు స్టేజీ మీద బాగానే మాట్లాడిందట. వీధంతా ఏడ్చిందన్నారు.

మనోడు కిందటిసారి కంటే రెట్టింపు ఓట్లతో గెలిచాడు. మాస్టారు ఓడిపోయాడు. మనోడికి పడే ఓట్ల గురించి నన్నెవరైనా అడిగితే జనానికి బుద్ధి లేదని ఇదివరకు గట్టిగా అనేదాన్ని. ఇప్పుడు అనను. అక్క నాతో మాట్లాడుతుంది, భోంచేసి వెళ్ళమంటుంది, కాళ్ళ నొప్పులకి మందు తెచ్చిపెట్టమంటుంది. ఆ మంగళవారం సంగతి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి, నాలుగు తిట్టినా బాగుండేది.